అప్పు తీర్చిన కొడుకు, తలుపు మూసిన అన్న

మీరు అడిగింది ఇదీ: జార్జ్ ఎలియట్ నవల ‘ది మిల్ ఆన్ ది ఫ్లాస్’లో తండ్రి దివాలా తీసినప్పుడు 16 ఏళ్ల టామ్ చదువు వదిలేసి, రాత్రింబగళ్లు కష్టపడి, అప్పంతా తీరుస్తాడు. అదే టామ్ తర్వాత చెల్లెలు మ్యాగీని గడప తొక్కనివ్వడు. అంత మంచి కొడుకు అంత కఠినమైన అన్న ఎలా అయ్యాడు, రచయిత్రి ఆ పాత్రను మధ్యలో మార్చేసిందా అన్నది మీ మొదటి సందేహం. డబ్బున్న పెద్దమ్మలు ఎందుకు ఆదుకోలేదన్నది రెండోది.

డిగ్రీ, పీజీ పిల్లలకు ఈ నవల చాలా ఏళ్లు చెప్పాను. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అడిగేవారు. మొదట్లో నేను కూడా ‘టామ్‌లో రెండు మనసులున్నాయి’ అని చెప్పి తప్పించుకున్నాను. అది సరైన జవాబు కాదని తర్వాత తెలిసింది. టామ్‌లో ఉన్నది ఒకటే మనసు. అప్పు తీర్చిన మనసే తలుపు కూడా మూసింది. ఇది కనబడాలంటే ముందు ఆ ఇంటి డబ్బు లెక్క చూడాలి. చాలామంది ఆ పేజీలు గబగబా తిప్పేస్తారు, కథంతా అక్కడే ఉంది.

టామ్ తండ్రి టలివర్‌ది డోర్ల్‌కోట్ మిల్లు. తాతల నాటి నుంచి వచ్చిన నీటి మిల్లు అది. కాలం సుమారు 1829 నుంచి పదేళ్లు, ఊరు సెయింట్ ఆగ్స్ అనే కల్పిత రేవు పట్నం. మనిషి మంచివాడే, కానీ కోర్టు పిచ్చి ఉన్నవాడు. ఏటి ఎగువన పివార్ట్ అనే ఆసామి తన పొలాలకు నీళ్లు మళ్లిస్తే మిల్లుకు నీళ్లు తగ్గిపోతాయని దావా వేశాడు. అవతలి లాయరు వేకెమ్. టలివర్ ఓడిపోయాడు, ఖర్చులు మీద పడ్డాయి. మిల్లు మీద ముందే 2,000 పౌండ్ల తాకట్టు ఉంది. దానికి తోడు రైలీ అనే స్నేహితుడికి హామీ ఉన్నాడు. రైలీ హఠాత్తుగా పోయాడు, 250 పౌండ్లు ఇతని నెత్తిన పడ్డాయి. హామీ సంతకం పెట్టి మునిగిపోయినవాళ్లు మనలో కూడా ఇంటికొకరు ఉంటారు, దాన్ని నేను వేరే వివరించక్కర్లేదు.

అయితే ఇంటి సామాను పోవడానికి కారణం దావా కాదు. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగిన మాటామాటా. టలివర్ భార్య బెస్సీ పుట్టింటివారు డాడ్సన్లు. ఆమె పెద్దక్క గ్లెగ్ గారు టలివర్‌కు 500 పౌండ్లు నూటికి ఐదు వడ్డీకి ఇచ్చింది. టామ్‌ను పెద్ద చదువుకు పంపడం గురించి మాట మీద మాట పెరిగి, ఆమె ఆ అప్పు సంగతి ఎత్తిపొడిచింది. టలివర్‌కు పౌరుషం వచ్చింది. అక్కడితో ఆగితే సర్దుకుపోయేదే. ఆమె కూడా తర్వాత చల్లబడి, డబ్బు ఉండనిద్దామనే అనుకుంది. ఈలోపే ఇతను ‘నీ డబ్బు నీకు పంపిస్తున్నా’ అని ఉత్తరం రాసేశాడు. చేతిలో డబ్బు లేదు. వేరేచోట 500 అప్పు తెచ్చాడు. ఆ ఇచ్చినతను వేకెమ్ క్లయింటే! తర్వాత అతను డబ్బు అడిగితే, ఇంట్లో సామాను మొత్తం అతని పేర హామీగా రాసిచ్చాడు. అలా బెస్సీ గారి దుప్పట్లు, పింగాణీ, వెండి టీపాట్ వేలానికి వచ్చాయి. అక్కకు అప్పు పడి ఉండటం ఇష్టం లేని పౌరుషం చెల్లెలి ఇంటిని ఖాళీ చేసింది.

ఇక్కడ ఒక దృశ్యం దగ్గర ఆగాలి. నవల మొత్తానికి తాళంచెవి అదే అని నా నమ్మకం.

ఆ 500 పౌండ్లు సర్దడానికి టలివర్ మొదట అనుకున్నది వేరే దారి. తన చెల్లెలు గ్రిట్టీ భర్త మాస్‌కు 300 పౌండ్లు ప్రాంసరీ నోటు మీద ఇచ్చి ఉన్నాడు, అది వసూలు చేద్దామని గుర్రమెక్కి బాసెట్ అనే పల్లెకు వెళ్తాడు. వాళ్లది చౌడు నేల, ఎంత చేసినా ఎదుగూ బొదుగూ లేని వ్యవసాయం, ఎనిమిది మంది పిల్లలు. మనసు గట్టి చేసుకునే వెళ్తాడు. చెల్లెలు ఎదురొచ్చి మాట్లాడుతుంటే మెత్తబడతానేమోనని గుర్రం దిగడానికి కూడా ఇష్టపడడు. ఆమె తన నలుగురు ఆడపిల్లల గురించి చెబుతూ, ఒక్కొక్కదానికీ ఒక్కో అన్నో తమ్ముడో ఉన్నాడంటుంది. అన్నదమ్ముల మీద ఆధారపడకూడదు, ఎవరి దారి వాళ్లు చూసుకోవాలి అని ఇతను కరుగ్గా జవాబిస్తాడు. ఆమె మెల్లగా మ్యాగీ సంగతి ఎత్తుతుంది. నీ కూతురికి ఉన్నది ఒక్క అన్నే కదా, టామ్ దాన్ని బాగా చూసుకోవాలి అంటుంది. ఆ మాట ఇతనికి ఎక్కడో తగులుతుంది. అయినా బావగారితో గట్టిగానే మాట్లాడి, డబ్బు కట్టి తీరాలని చెప్పి బయల్దేరతాడు.

కొంత దూరం పోయాక గుర్రాన్ని ఆపుతాడు. కాసేపు ఆలోచించి వెనక్కి తిప్పుతాడు. చెల్లెలు గుమ్మంలో చంటిబిడ్డను ఎత్తుకుని కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంటుంది. డబ్బు సంగతి మర్చిపొమ్మని, తన తిప్పలేవో తాను పడతానని చెప్పి వచ్చేస్తాడు.

ఎందుకు తిరిగాడు? మాస్ మీద జాలితో కాదు. తాను పోయాక మ్యాగీ ఇలాగే టామ్ గుమ్మం ముందు నిలబడవలసి వస్తే ఏమవుతుందన్న భయంతో. తాను చెల్లెలి పట్ల కఠినంగా ఉంటే, ఎలాగో ఆ కాఠిన్యం తన కూతురికి చుట్టుకుంటుందని అతనికి లోపల అనిపించింది. ఆ సమయానికి టామ్ ఇంకా నిక్కర్ల వయసు కుర్రాడు. కుందేళ్లకు మేత పెట్టడం మర్చిపోయి అవి చచ్చిపోయేలా చేసిందని చెల్లెల్ని ‘నువ్వంటే నాకు ఇష్టం లేదు’ అని ఏడిపించిన వయసు. అయినా తండ్రికి తెలుసు. మీరు రచయిత్రి పాత్రను మధ్యలో మార్చిందేమోనన్నారు. మార్చలేదు, మొదటి భాగంలోనే గుర్రం మీద కూర్చున్న తండ్రి చేత ముందే చెప్పించింది.

ఇప్పుడు దివాలా రోజుకు రండి. మిల్లు తాకట్టు కాగితం వేకెమ్ చేతిలోకి వెళ్లిందన్న ఉత్తరం చదివి టలివర్ గుర్రం మీద నుంచి పడిపోతాడు, పక్షవాతం వచ్చినట్టు మంచం పడతాడు. 13 ఏళ్ల మ్యాగీ వెళ్లి టామ్‌ను స్టెల్లింగ్ గారి దగ్గరి చదువు నుంచి తీసుకొస్తుంది. ఇంటికొచ్చేసరికి ముందుగదిలో జప్తు మనిషి కూర్చుని పైపు కాలుస్తుంటాడు. తల్లి కనబడదు. వెతికితే సామాన్ల గదిలో ఉంటుంది. పెట్టె తెరిచి, బల్లగుడ్డలు, దుప్పట్లు ముందేసుకుని ఏడుస్తుంటుంది. మూల మూలనా ‘ఎలిజబెత్ డాడ్సన్’ అని తన పుట్టింటి పేరు కుట్టి ఉన్నవి. ఆ నార తానే వడికింది. నేత మనిషి ఆ తాను భుజాన వేసుకుని తెచ్చిచ్చినప్పుడు, గుమ్మంలో నిలబడి చూసింది కూడా ఆమెకు గుర్తుంది, అప్పటికి పెళ్లి ఆలోచనే లేదు. వెండి టీపాట్ సొంత డబ్బుతో కొనుక్కున్నది. ఇప్పుడవి వేలంలో పోతాయి, ఏ సత్రంలోనో దారిన పోయేవాళ్ల ముందు పెడతారని ఆమె బాధ.

ఈ ఘట్టం చెప్పినప్పుడు క్లాసులో అమ్మాయిలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘సార్, అవి ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి కదా, భర్త అప్పుకు ఎలా జప్తు చేస్తారు?’ మనకు స్త్రీధనం అనే మాట తెలుసు కాబట్టి ఆ ప్రశ్న వస్తుంది. ఆ రోజుల ఇంగ్లండ్ చట్టం వేరు. పెళ్లితో భార్య చరాస్తి భర్తదైపోయేది. డబ్బున్న కుటుంబాలు పెళ్లికి ముందే ట్రస్టు పత్రాలు రాయించి కూతురి ఆస్తిని విడిగా కాపాడుకునేవి. మిల్లు నడుపుకునే ఇళ్లలో అంత ఏర్పాటు ఎక్కడిది? పెళ్లయిన స్త్రీల ఆస్తి చట్టాలు 1870లో కొంత, 1882లో పూర్తిగా ఈ పరిస్థితిని మార్చాయి. నవల అచ్చయింది 1860లో. అంటే ఆ పుస్తకం కొని చదివిన ఆడవాళ్లలో చాలామంది దుప్పట్లకు కూడా అదే చట్టం వర్తించేది. బెస్సీ గారి ఏడుపును చాదస్తం అనుకుని నవ్వుకునేవాళ్లు ఉన్నారు. నేను నవ్వలేను. ఆ మనిషికి తనదంటూ ఉన్న పేరు ఆ గుడ్డల మూలనే మిగిలింది.

ఆ గదిలోనే అన్నాచెల్లెళ్లు మొదటిసారి వేరవుతారు, అది కూడా గమనించండి. తల్లి ఏడుస్తూ తండ్రిని తప్పుపడుతుంది. టామ్‌కు మొదటిసారి నాన్న తప్పు చేశాడనిపిస్తుంది. మ్యాగీకి మాత్రం, స్పృహ లేకుండా పడి ఉన్న మనిషిని అనడమేమిటని కోపం వస్తుంది. ఇద్దరికీ కుటుంబమంటే ప్రాణమే. టామ్ దృష్టి ఎవరు తప్పు చేశారన్న దాని మీద, మ్యాగీ దృష్టి ఎవరు పడి ఉన్నారన్న దాని మీద. కథ చివరిదాకా ఈ తేడా అలాగే ఉంటుంది.

ఇక మీ రెండో సందేహం, పెద్దమ్మలు. వాళ్లంతా వచ్చి కూర్చుంటారు. ఎవరెవరు ఏయే వస్తువు వేలంలో కొంటారో మాట్లాడుకుంటారు. ఒకరికి బల్లగుడ్డలు కావాలి, ఒకరికి మంచి సామాను కావాలి. గ్లెగ్ గారైతే చెల్లెలికి మంచం, వంటగిన్నె లాంటి అవసరమైనవి చాలు, షోకు వస్తువులెందుకని తేల్చేస్తుంది. అప్పుడు టామ్ లేచి పెద్దమనిషిలా ఒక మాట అడుగుతాడు. మీ తదనంతరం మాకు ఏమైనా ఇవ్వాలనుకుంటే అది ఇప్పుడే ఇచ్చి అమ్మ సామాను పోకుండా చూడండి, దాని వడ్డీ నేను పనిచేసి కడతాను అంటాడు. 16 ఏళ్ల పిల్లాడు! గ్లెగ్ పెదనాన్న మెచ్చుకుంటాడు, పెద్దమ్మ మాత్రం ఒప్పుకోదు. వడ్డీ తెచ్చే సొమ్మును కదిలించి, తాను పోయాక వీలునామాలో లెక్క తగ్గిందని నలుగురూ అనుకునేలా చేసుకోవడం ఆమెకు ఊహకందని విషయం.

ఆమె పిసినారి అని ఇక్కడే మార్కు వేసేయకండి. డాడ్సన్ల పద్ధతికి ఒక నీతి ఉంది. బతికుండగా ఎవరి సంపాదన వారిది, పోయాక మాత్రం రక్తసంబంధానికి అన్యాయం జరగకూడదు. వీలునామాలో మంచివాడికీ చెడ్డవాడికీ బంధుత్వాన్ని బట్టి సరిగ్గా వాటా వెళ్లాలి. కోపం వచ్చిందని వాటా తగ్గించడం ఆ ఇంట్లో మహాపాపం. అందుకే ఆమె ఆ రోజు చేయి చాపదు, తర్వాత ఇంకో రోజు ఎవరూ ఊహించనంత గట్టిగా నిలబడుతుంది. దాని సంగతి తర్వాత.

అదే వారంలో వచ్చిన ఇంకో మనిషిని పక్కన పెట్టి చూడండి. బాబ్ జేకిన్. చిన్నప్పుడు టామ్‌తో ఆడుకుని, నాణెం ఎగరేసే ఆటలో తగవు పడి విడిపోయిన పేద కుర్రాడు. ఒక మిల్లులో మంటలార్పినందుకు అతనికి పది సవరిన్ల బంగారు నాణేలు ఇచ్చారు. ఒకటి ఖర్చయింది. మిగిలిన తొమ్మిదీ తెచ్చి టామ్ ముందు పెడతాడు. టామ్ తీసుకోడు, కానీ కదిలిపోతాడు. అందరూ కూర్చున్న గదిలో ఒక్క పౌండు కదల్లేదు, చుట్టం కానివాడు ఉన్నదంతా తెచ్చాడు. నాకు ఈ తొమ్మిది నాణేలంటే చాలా ఇష్టం.

బాకీ నోటు కూడా ఇక్కడే తిరిగి వస్తుంది. పెద్దవాళ్ల పంచాయితీ జరుగుతుండగా మేనత్త గ్రిట్టీ పరిగెత్తుకుంటూ వస్తుంది. అన్నకు ఇవ్వాల్సిన 300 పౌండ్లు ఇవ్వలేకపోతున్నామని ఆమె కుమిలిపోతుంది. ఇవ్వాలంటే ఇల్లూ వాకిలీ అమ్ముకోవాలి. చట్టం ప్రకారం చూస్తే ఆ నోటు ఇప్పుడు టలివర్‌ది కాదు, అప్పులవాళ్లందరి ఆస్తిలో భాగం. నోటు బయటపడితే మాస్ కట్టాల్సిందే. టామ్ గుర్తు చేసుకుంటాడు. తాను బడికి వెళ్లకముందు ఒక రాత్రి నాన్న, మాస్ డబ్బు కట్టలేకపోయినా వాళ్లను బాధపెట్టొద్దని అన్నాడు. నాన్న మాట కాబట్టి ఆ నోటు లేకుండా చేయాలంటాడు. గ్లెగ్ పెదనాన్నతో కలిసి తండ్రి మంచం పక్కనున్న పెట్టె తెరిచి వెతుకుతారు. మూత జారి ధడేల్‌మని పడుతుంది. ఆ చప్పుడుకు టలివర్‌కు స్పృహ వస్తుంది! వచ్చీ రాగానే మాట్లాడేది కూడా చెల్లెలి నోటు సంగతే, తన దగ్గర డబ్బు దాచుకున్న పనివాడు లూక్ నష్టపోకూడదనే.

టామ్ ఆ నోటు లేకుండా చేశాడు. తండ్రి మాట అక్షరం తప్పకుండా పాటించాడు. కానీ తండ్రి ఆ మాట ఎందుకన్నాడో టామ్‌కు తెలియదు. బాసెట్ దారిలో గుర్రం వెనక్కి తిరిగిందని, అది తన చెల్లెలి కోసం తిరిగిందని అతనికి ఎవరూ చెప్పలేదు. తండ్రి ఇచ్చిన ఆదేశం అతనికి అందింది, దాని వెనకున్న భయం అందలేదు. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే. టామ్ దృష్టిలో కుటుంబం పట్ల నిజాయితీ అంటే బాకీ చెల్లించడం. టలివర్‌కు ఆ ఒక్కరోజు తెలిసిందేమిటంటే, కొన్నిచోట్ల బాకీ వదిలేయడమే నిజాయితీ అని. కొడుకు మొదటిది పూర్తిగా నేర్చుకున్నాడు. రెండోదాన్ని చేతులతో చేశాడు గానీ నేర్చుకోలేదు.

అలాగని టామ్‌ను తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు. డాడ్సన్ అక్కచెల్లెళ్లలో ఒకరి కూతురు లూసీ. ఆమె తండ్రి డీన్ దగ్గరికి టామ్ పని అడగడానికి వెళ్తే, నీ లాటిన్ ఇక్కడ ఎందుకూ పనికిరాదు, లెక్కలు వచ్చా అని అడుగుతాడు. గెస్ట్ కంపెనీ గోదాములో చేరి, సాయంత్రాలు పద్దులు రాయడం నేర్చుకుంటాడు. ఒక షోకు లేదు, స్నేహాలు లేవు. ఇంట్లో ఒక రేకు డబ్బా ఉంటుంది, మిగిలిన ప్రతి నాణెం అందులో పడుతుంది. టలివర్ ఇప్పుడు తన సొంత మిల్లులోనే వేకెమ్ కింద జీతగాడు. మిల్లు వేకెమ్ చేతికి పోవడానికి కూడా పాపం బెస్సీ గారే కారణం. దయచేసి కొనొద్దని బతిమాలడానికి ఆమె వెళ్లి, అంతవరకు లేని ఆలోచన అతని బుర్రలో పెట్టి వస్తుంది. టలివర్ జీతం ఖర్చులు పోను మిగిలింది డబ్బాలో వేసి, ఎన్నిసార్లో లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.

నాలుగేళ్లు దాటాక ఒక సాయంత్రం టామ్ అడుగుతాడు, డబ్బాలో ఎంతుంది నాన్నా అని. 193 పౌండ్లు అంటాడు తండ్రి. ఈమధ్య నువ్వు తక్కువే తెస్తున్నావని భయంభయంగా అంటాడు కూడా. కొడుకుతో మాట్లాడటానికి తండ్రి భయపడటం, దివాలా తీసిన ఇళ్లను దగ్గరగా చూసినవాళ్లకు తెలుస్తుంది. డబ్బా తెప్పించి, లెక్కపెట్టించి, ఇంకా మూడు వందలకు పైగా కావాలని తండ్రి నిట్టూరుస్తుంటే టామ్ చెబుతాడు. బ్యాంకులో 320 పౌండ్లు ఉన్నాయి. బాబ్ జేకిన్ సలహాతో, గ్లెగ్ పెదనాన్న పెట్టుబడితో చిన్నగా సరుకుల వ్యాపారం చేసి ఎవరికీ చెప్పకుండా కూడబెట్టాడు. తండ్రి ఒక్క క్షణం మాట్లాడలేక ఏడ్చేస్తాడు. ఈ పేజీ చదివినప్పుడు టామ్ మీద గౌరవం కలగకపోతే నవలను సగమే చదివినట్టు.

మనవాళ్లు ఋణశేషం, శత్రుశేషం ఉంచకూడదంటారు. టలివర్ ఈ రెంటినీ కొడుక్కి అప్పజెప్పాడు. మంచం మీంచి లేచాక కుటుంబ బైబిల్ తెప్పించి, అందులో టామ్ చేత రాయించి సంతకం పెట్టిస్తాడు: వేకెమ్ నాన్నకు చేసింది మర్చిపోను, అవకాశం వస్తే అతనికీ అతని వాళ్లకీ తగిన శాస్తి చేస్తాను. బైబిల్లో పగ రాయడం పాపమని అక్కడ అన్నది మ్యాగీ ఒక్కతే. ఎవరూ వినలేదు. అప్పులవాళ్లకు డబ్బు కట్టేసిన రోజే టలివర్ దారిలో వేకెమ్ ఎదురుపడితే కొరడాతో కొట్టి, మర్నాడే చనిపోతాడు. టామ్‌కు మిగిలింది శత్రుశేషం. ఆ శత్రువు కొడుకు ఫిలిప్, వెన్ను వంకర ఉన్న సున్నితమైన మనిషి, మ్యాగీతో రహస్యంగా కలుస్తున్నాడని అంతకుముందే తెలిసింది. తండ్రి తన చేత రాయించిన బాకీల పట్టికలో ఫిలిప్ పేరు కూడా ఉన్నట్టే టామ్ ప్రవర్తిస్తాడు. చెల్లెలి చేత బైబిల్ మీద ఒట్టు వేయించుకుని, ఆ అవిటివాడిని ముఖం మీదే అవమానిస్తాడు.

ఇక్కడ మ్యాగీ వైపు లెక్క కూడా చూడాలి, చాలామంది చూడరు. ఆమె కూడా అప్పు తీర్చడానికి చేయి వేయాలనుకుంది. సెయింట్ ఆగ్స్‌లో బట్టల దుకాణానికి వెళ్లి కుట్టుపని అడిగి తెచ్చుకుంది. టామ్‌కు కోపం వచ్చింది. నా చెల్లెలు అంత దిగజారనక్కర్లేదు, అప్పు నేను తీరుస్తాను అన్నాడు. అంటే ఇంటి గౌరవానికి సాయం చేసే దారి మూసేసింది అతనే. తర్వాత ఫిలిప్ గొడవలో మ్యాగీ, నువ్వు మగవాడివి, నీకు శక్తి ఉంది, లోకంలో ఏదో ఒకటి చేయగలవు అంటే, చేయలేనప్పుడు చేయగలిగినవాళ్ల మాట విని పడి ఉండమంటాడు. బాకీ తీర్చినవాడికి అధికారం వస్తుంది. బాకీ తీర్చే అవకాశమే లేనివాళ్లకు లొంగి ఉండటమే మిగులుతుంది. సంపాదించే కొడుకు, ఇంట్లో ఉండే కూతురు ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ మాట గోడల మధ్య తిరుగుతూనే ఉంటుంది. అందుకే 160 ఏళ్లు దాటినా ఈ నవల పాతబడలేదని నేను అనుకుంటాను.

రచయిత్రికి ఇది పుస్తకాల్లో చదివి తెలిసిన విషయం కాదు. జార్జ్ ఎలియట్ అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్. చిన్నప్పుడు అన్న ఐజాక్ వెంటే తిరిగిన పిల్ల. ఆమె జార్జ్ హెన్రీ లూయిస్ అనే రచయితతో కలిసి ఉండేది, అతనికి విడాకులు దొరకలేదు. 1857లో ఆ సంగతి అన్నకు రాస్తే, జవాబు లాయరు చేత రాయించి అన్న మాట్లాడటం మానేశాడు. మూడేళ్లకు ఈ నవల వచ్చింది. మళ్లీ అన్న నుంచి ఉత్తరం వచ్చింది 1880లో, లూయిస్ పోయాక ఆమె చట్టబద్ధంగా ఇంకొకరిని పెళ్లి చేసుకున్నప్పుడు. 23 ఏళ్లు! అదే ఏడాది డిసెంబరులో ఆమె చనిపోయింది. తలుపు మూసిన అన్నను ఆమె రాక్షసుడిగా రాయలేదు. అతను డబ్బా ముందు కూర్చుని తండ్రిని ఏడిపించిన రాత్రిని అంత ప్రేమగా రాసింది. వరదలో అన్నాచెల్లెళ్లను ఒకరి చేతుల్లో ఒకరిని ముంచేయడం కథకు అతికినట్టుగా ఉందని విమర్శ ఉంది, కొంతవరకు నిజమే. అయితే ఆ పడవలో తప్ప వాళ్లు కలిసే చోటు ఆమెకు బయట ఎక్కడా దొరకలేదని ఆ 23 ఏళ్లు తెలిశాక నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ తలుపు. మ్యాగీ, లూసీకి కాబోయేవాడైన స్టీఫెన్ గెస్ట్‌తో పడవలో చాలాదూరం వెళ్లిపోతుంది. పెళ్లి చేసుకుందామని అతను బతిమాలినా ఒప్పుకోక, ఒంటరిగా తిరిగి వస్తుంది. ఊరు ఆమెను చెడిపోయినదాని కిందే జమ కట్టింది. ఎవరి దగ్గరికి వెళ్లింది? అన్న దగ్గరికే. అప్పటికి మిల్లు మళ్లీ టామ్ చేతిలోకి వచ్చింది, తండ్రి చివరి కోరిక తీరింది. అన్ని బాకీలూ తీర్చుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి అతను. ఆ గుమ్మంలోకి పరువు పోగొట్టుకున్న చెల్లెలు కొత్త బాకీలాగా వచ్చింది. నా ఇంట్లో నీకు చోటు లేదన్నాడు.

బాసెట్‌లో తండ్రి భయపడింది సరిగ్గా ఈ గుమ్మానికే. గ్రిట్టీ గుమ్మంలో నిలబడింది, అన్న వెనక్కి తిరిగాడు. మ్యాగీ గుమ్మం ముందు నిలబడింది, అన్న తిరగలేదు.

గ్లెగ్ పెద్దమ్మ ఇక్కడ వస్తుంది. దివాలా రోజు పైసా కదల్చని మనిషి. ఆమె టామ్‌ను నిలదీస్తుంది. నిజం తేలకముందే సొంత చెల్లెలి గురించి చెడు నమ్మడమేమిటి, రక్తసంబంధం దగ్గర గౌరవం కొంచెమైనా మిగిలి ఉన్నంతవరకు దాని పక్కన నిలబడకపోతే ఇంకెక్కడ నిలబడతాం అని ఆమె వాదన. మ్యాగీకి తన ఇంట్లో ఆశ్రయం ఇస్తానంటుంది. పెద్దమ్మలు ఆదుకోలేదన్న మీ మాట డబ్బు విషయంలో నిజం. పరువు విషయంలో ఊరు దాదాపుగా ఒకవైపు ఉంటే ఆ ముసలావిడ రెండోవైపు నిలబడింది. వీలునామాలో వాటా తగ్గించని నీతే ఇక్కడ మనిషిని కూడా తగ్గించనివ్వలేదు. ఈ నవల మళ్లీ తెరిస్తే చివరి భాగంలో ఆవిడ ఉన్న కొద్ది పేజీలు నెమ్మదిగా చదవండి.

ఇంకొకరున్నారు. టామ్ ఆ మాట అన్నప్పుడు వెనక గదిలోంచి బెస్సీ గారు వస్తుంది. కథంతా అందరూ చులకన చేసిన మనిషి. దుప్పట్ల కోసం ఏడ్చింది, వేకెమ్ దగ్గరికి వెళ్లి పని చెడగొట్టి వచ్చింది, చిన్నప్పుడు మ్యాగీ నలుపు రంగు చూసి, చిక్కు జుట్టు చూసి బాధపడుతూ ఉండేది. కొడుకును ఎదిరించి ఒక్క మాట అనే ధైర్యం లేని మనిషి. ఆమె వచ్చి, నేను నీతో వస్తాను తల్లీ, నీకు అమ్మ ఉంది అంటుంది. టామ్ డబ్బులిస్తాడు, తల్లికి ఖర్చులకు తక్కువ కానివ్వడు. ఆమె లోపలికి వెళ్లి తన సామాను కొంచెం సర్దుకుని, మ్యాగీ చేయి పట్టుకుని మిల్లు వదిలి బయటికి నడుస్తుంది. వాళ్లకు ఆ రాత్రి తల దాచుకోవడానికి చోటిచ్చింది, ఏటి ఒడ్డున ఇల్లున్న బాబ్ జేకిన్.